దొరలు కట్టిన గోడలు

రాజమండ్రిలో ఇద్దరు వాదించుకున్న మాటలివి. ఒకాయన లూథరన్ బడిలో చరిత్ర చెప్పి రిటైరైన మేష్టారు. రెండో అతను ఆయన మేనల్లుడు. ఇంగ్లండులో ఉద్యోగం, క్రిస్మసు సెలవులకి ఇంటికొచ్చాడు. పడమటి దేశాల క్రైస్తవ సంఘం స్వభావం ఏమిటన్నది తగువు. పేర్లు అనవసరం. డిసెంబరు నెలలో డెల్టాలోని ఏ క్రైస్తవుల ఇంటి అరుగు మీదైనా ఇలాంటి తగువు వినపడుతుంది. నేను పక్కన కూర్చుని విన్నాను. ఊరుకోలేని చోట నా మాట బ్రాకెట్లలో పెట్టాను.

అల్లుడు: మీ దొరల సంఘం అయిపోయింది మావయ్యా. కళ్లారా చూసే చెప్తున్నాను. మా వీధి చివర పెద్ద రాతిగుడి ఉంది. ఆదివారం పొద్దున్న పట్టుమని పాతికమంది ఉండరు, అందరూ ముసలివాళ్లే. మధ్యాహ్నం అదే గుడిని మా తెలుగువాళ్లం అద్దెకి తీసుకుంటాం. కుర్చీలు చాలవు. 2011 జనాభా లెక్కల్లో ఇంగ్లండు, వేల్సు కలిపి క్రైస్తవులమని రాసుకున్నవాళ్లు 59.3 శాతం. 2021కి 46.2. అమెరికాలో ప్యూ సంస్థ లెక్క ప్రకారం 2007లో 78 శాతం ఉన్నవాళ్లు 2023-24కి 62కి దిగారు.

మావయ్య: తగ్గింది జనం. నువ్వు స్వభావం గురించి కదా మొదలెట్టావు?

అల్లుడు: అక్కడికే వస్తున్నా. అది మొదట్నించీ సర్కారు సంఘం. 380లో థియొడోసియస్ చక్రవర్తి దాన్ని రాజ్యమతం చేసిన దగ్గర్నించీ కుర్చీ వదల్లేదు. ఇంగ్లండులో ఇవాళ్టికీ రాజే ఆ సంఘానికి పెద్ద. ఇరవై ఆరుగురు బిషప్పులు ప్రభువుల సభలో కూర్చుని చట్టాలు చేస్తారు. జర్మనీలో అయితే సంఘంలో పేరుంటే చాలు, ఆదాయపు పన్ను మీద ఇంకో ఎనిమిదో తొమ్మిదో శాతం ప్రభుత్వమే వసూలు చేసి సంఘానికి ముట్టజెబుతుంది. వద్దనుకుంటే ప్రభుత్వ ఆఫీసుకి వెళ్లి సంతకం పెట్టి బయటపడాలి. దేవుడి దగ్గర ఉద్యోగం మానేసినట్టు! చట్టంతో నిలబడ్డది చట్టం చెయ్యి వదలగానే పడిపోయింది. అంతకంటే స్వభావం ఏముంటుంది చెప్పండి?

మావయ్య: అదంతా నిజమే. కానీ గోదావరికి వచ్చింది ఆ సంఘమేనా? నరసాపురం ఎప్పుడన్నా వెళ్లావా?

అల్లుడు: అమ్మతో, లేసులు కొనడానికి.

మావయ్య: అదీ మీ చరిత్ర పరిజ్ఞానం. సరే విను. ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ అని ఎక్సెటరులో పళ్ల డాక్టరు ఒకాయన ఉండేవాడు. బాగా సంపాదించే ప్రాక్టీసు వదిలేసి 1829లో బాగ్దాదు వెళ్లాడు, జీతమిచ్చే మిషను సొసైటీ ఏదీ వెనకాల లేకుండా. అక్కడ ప్లేగులో భార్య పోయింది. తర్వాత మన దేశం వచ్చాడు. మళ్లీ ఇంగ్లండు వెళ్లి, 1836లో కొంతమందిని వెంటబెట్టుకుని మద్రాసులో దిగాడు. వాళ్లలో బార్న్‌స్టేపుల్ ఊరివాళ్లు ఇద్దరున్నారు, విలియం బౌడెన్, జార్జి బీర్. మచిలీపట్నం మీదుగా నరసాపురం చేరి గోదావరి డెల్టా మిషను మొదలెట్టింది వాళ్లే. వాళ్లేం చదివారో తెలుసా?

అల్లుడు: ఆక్స్‌ఫర్డు కాదన్నమాట.

మావయ్య: బౌడెన్ రాళ్లు చెక్కే తాపీవాడు. బీర్ చెప్పులు కుట్టేవాడు. బ్రదరెన్ సంఘం వాళ్లు. వాళ్లకి బిషప్పు లేడు, అంగీ లేదు, గుడికి పాస్టరు కూడా లేడు. ఆదివారం నలుగురూ కూర్చుని రొట్టె విరుచుకోవడమే ఆరాధన. నువ్వు ఇందాకటి నుంచీ తిడుతున్న సర్కారు సంఘం ఇలాంటివాళ్లని ఇంగ్లండులో ఎలా చూసిందో చూడు. వాళ్లు ఓడెక్కిన 1836లోనే పార్లమెంటు కొత్త పెళ్లి చట్టం చేసింది. అప్పటిదాకా క్వేకర్లూ యూదులూ తప్ప మిగతావాళ్లెవరైనా సరే, సర్కారు గుడిలో సర్కారు పాస్టరు ముందు చేసుకుంటేనే పెళ్లి చెల్లేది. దశమభాగం కింద పంటలో పదోవంతు గుడికి కొలవడం మాన్పించి డబ్బుగా మార్చిన చట్టమూ ఆ ఏడాదే. ఆ గుడికి వెళ్లనివాడూ కట్టాల్సిందే. అంటే మన నరసాపురం వచ్చినవాళ్లు సొంత ఊళ్లో సగం పౌరులు. పడమటి సంఘం అని నువ్వు ఒకే ముద్దగా చెప్తున్నది అసలు ఒకటి కాదురా. ఏలే సంఘం ఒకటి, దాంతో గొడవపడి బయటికొచ్చిన సంఘాలు వంద. మనకి దక్కింది రెండో రకం.

అల్లుడు: కథ బాగుంది. ఇప్పుడు నేనొకటి అడుగుతాను. చెప్పులు కుట్టే బీర్‌ని నరసాపురంలో ఏమని పిలిచారు?

మావయ్య: దొరగారు.

అల్లుడు: కదా! అదే పని చేసే మన మనిషిని ఆ రోజుల్లో ఊళ్లోకి రానిచ్చేవారా? నూతి దగ్గరికి రానిచ్చేవారా? తోలు కుట్టే చెయ్యే, కానీ ఒంటి మీది తోలు తెల్లగా ఉంది కాబట్టి అగ్రహారం వీధిలో కూడా నడిచాడు. అక్కడ సర్కారు సంఘాన్ని ఎదిరించినవాడు ఇక్కడ ఓడ దిగగానే సర్కారు మనిషి అయిపోయాడు, తను కోరుకున్నా కోరుకోకపోయినా. ధవళేశ్వరంలో ఆనకట్ట కడుతున్న రోజుల్లో, 1847 నుంచి 52 దాకా, కూలీల మధ్య వాక్యం చెప్పింది ఈ మిషనువాళ్లేగా? వాళ్లకి అండ ఎవరు? కాటన్ దొర. కంపెనీ ఇంజనీరు.

మావయ్య: కాటన్ భక్తిపరుడు, సొంతంగా సాయం చేశాడు. కంపెనీ వేరు. 1813 దాకా కంపెనీ మిషనరీలకి తలుపే తియ్యలేదు. విలియం కేరీ అందుకే డెన్మార్కు వాళ్ల శ్రీరాంపూరులో తలదాచుకున్నాడు. వ్యాపారానికి మతం అడ్డమని కంపెనీ భయం.

అల్లుడు: భయం తీరాక?

మావయ్య: తీరాక కలిసి నడిచారు. కాదనను. చెప్పుల సంగతి నువ్వన్నది కూడా కాదనను. బీర్ ఆ పని చేసేవాడన్న సంగతి మన పేటల్లో ఎంతమందికి చెప్పారోనని నాకూ అనుమానమే.

(ఈ చోట మేష్టారు కాసేపు మాట్లాడలేదు. నాకు తెలిసినంతలో నరసాపురం చరిత్ర గురించి రాసినవాళ్లు కూడా బీర్ భక్తి గురించి చెప్పినంత ఆయన వృత్తి గురించి చెప్పరు. చెప్పి ఉంటే మాదిగపేటల్లో సువార్తకి అంతకంటే మంచి సాక్ష్యం ఉండేది కాదు.)

అల్లుడు: ఇంకో స్వభావం చెప్తాను, పంపకం. మా నాన్న బాప్టిస్టు ఎందుకు? పిఠాపురం పక్కన పుట్టాడు కాబట్టి. అమ్మా మీరూ లూథరన్లు ఎందుకు? రాజమండ్రిలో పుట్టారు కాబట్టి. నరసాపురంలో పుట్టుంటే బ్రదరెన్, ఏలూరులో పుట్టుంటే ఆంగ్లికన్. మిషన్లు మాలో మాకు పోటీ వద్దని ఒప్పందాలు రాసుకుని తాలూకాలు పంచుకున్నాయి. ఇందులో విశ్వాసం ఎక్కడుంది? సర్వే రాయి తప్ప!

మావయ్య: ఒరేయ్, ఆ పంపకం సంగతి నీకంటే నాకు బాగా తెలుసు. నువ్వు తిట్టడానికి సరిపడా సరుకు నేనే ఇస్తాను. రాజమండ్రికి 1840ల్లో మొదట వచ్చిన లూథరన్లు అమెరికావాళ్లు కాదు, జర్మన్లు. ఉత్తర జర్మనీ మిషను సొసైటీ వాలెట్ అనే ఆయన్ని పంపింది. కొన్నేళ్లకి డబ్బు చాలక, గుంటూరులో ఉన్న అమెరికా లూథరన్లకి అప్పజెప్పారు. గుంటూరు పని 1842లో మొదలెట్టింది ఫాదర్ హేయర్. బాగానే నడుస్తోంది. ఇంతలో అమెరికాలో అంతర్యుద్ధం, డబ్బు ఆగిపోయింది. అది అయ్యీ అవగానే లూథరన్లే రెండుగా చీలారు. పదహారో శతాబ్దపు ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు ప్రమాణాన్ని ఎంత గట్టిగా పట్టుకోవాలన్నదే ముఖ్యమైన తగాదా. పెన్సిల్వేనియాలో గడ్డాలు పెంచుకున్న పండితులు కొట్టుకున్నారు, ఇక్కడ గోదావరి గట్టున గుడికి తాళం పడే పరిస్థితి వచ్చింది. 1869లో రాజమండ్రిని ఆంగ్లికన్ల చర్చి మిషనరీ సొసైటీకి ఇచ్చేద్దామని అనుకున్నారు.

అల్లుడు: ఇచ్చేస్తే ఇవాళ మీరు ఆంగ్లికన్!

మావయ్య: అయ్యుండేవాణ్ణే. హేయర్ అప్పటికి అమెరికా వెళ్లిపోయాడు. వయసు డెబ్భై ఆరు. ఆ మాట వినగానే లేచి, ఇవ్వడానికి వీల్లేదు, నేనే వెళ్తానన్నాడు. ఆ ఏడాది చివర్లో రాజమండ్రిలో దిగాడు. ఆ వయసులో ఓడ ప్రయాణం అంటే ఏమిటో ఆలోచించు. దాంతో మిషను నిలిచింది. చీలిపోయిన రెండు వర్గాల్లో ఒకదానికి గుంటూరు, ఇంకోదానికి రాజమండ్రి. అమెరికాలో వాళ్లు 1918లో కలిశాకే ఇక్కడ మనం 1927లో కలిసి ఆంధ్ర సువార్త లూథరన్ సంఘం అయ్యాం.

అల్లుడు: చూశారా మావయ్యా. ముసలాయన పట్టుదల చెప్తున్నప్పుడు మీ కళ్లు మెరిశాయి, నాకూ బాగానే ఉంది. కానీ జర్మన్లు అమెరికన్లకి ఇచ్చినప్పుడూ, అమెరికన్లు ఇంగ్లీషువాళ్లకి ఇవ్వబోయినప్పుడూ రాజమండ్రి వాళ్లని ఒక్కమాట అడిగారా? పశువుని అమ్మేటప్పుడు పశువుని అడగరు. నేను ఏలే స్వభావం అంటున్నది దీన్నే. రాజు పెద్దగా ఉంటేనే సర్కారు సంఘం కాదు, మిషను బోర్డు పెద్దగా ఉన్నా సర్కారే.

మావయ్య: కాకినాడ సంగతి వింటే ఈ మాట కొంచెం తగ్గిస్తావు. టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగం చేసిన థామస్ గేబ్రియేలు అని మనవాడే ఒకాయన, ఉద్యోగం మానేసి కాకినాడ ప్రాంతంలో సొంతంగా బాప్టిస్టు పని మొదలెట్టాడు. అప్పులపాలయ్యాడు గానీ వదల్లేదు. ఆయన రమ్మంటేనే 1874లో మెక్‌లారిన్ కాకినాడ వచ్చాడు, కెనడా బాప్టిస్టు మిషను మొదలైంది. అక్కడ మిషను మనవాణ్ణి వెతుక్కోలేదు, మనవాడే మిషన్ని పిలిచాడు.

అల్లుడు: కాకినాడలో హైస్కూలుకి పేరెవరిది?

మావయ్య: ...మెక్‌లారిన్‌ది.

అల్లుడు: గేబ్రియేలు పేరు నాకు ఇవాళ మీ నోటే తెలిసింది. మా నాన్న నాలుగు తరాల బాప్టిస్టు, ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

మావయ్య: అది దొరల తప్పా, మీ నాన్న తప్పా?

(ఇద్దరూ నవ్వారు. కాఫీలొచ్చాయి. లేసుల మీద కూడా కాసేపు నడిచింది. మిషను దొరసానుల దగ్గర మొదలైన అల్లిక ఊరూరా పాకింది, 2024లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది. కానీ అల్లే ఆడవాళ్లకి మిగిలేది కూలి, లాభం ఎగుమతిదారుడిదని పరిశోధకురాలు మరియా మీస్ తన 1982 పుస్తకంలో విప్పి చెప్పింది. ఆ లాభాన్ని దొరసాని ఖాతాలో రాయడం మాత్రం నాకూ న్యాయంగా తోచలేదు.)

మావయ్య: నువ్వు పడమటి సంఘం పాపాలన్నీ చెప్పావు కదా, నేను ఒక్క గుణం చెప్తాను. అది తన తప్పు తాను రాసుకుంటుంది. బార్బడోస్‌లో కోడ్రింగ్టన్ చెరకు తోటలు ఆంగ్లికన్ మిషను సొసైటీవే. బానిసలతో పని చేయించారు. 2006లో ఇంగ్లండు సంఘం మహాసభ క్షమాపణ చెప్పింది. 2023లో బానిస వ్యాపారపు సొమ్ముకి బదులుగా పది కోట్ల పౌండ్ల నిధి ప్రకటించింది. అమెరికా దక్షిణాది బాప్టిస్టులు వేరుపడిందే 1845లో బానిసత్వం కోసం. 1995లో తప్పు ఒప్పుకున్నారు.

అల్లుడు: నూట యాభై ఏళ్లకి! బానిసలూ పోయారు, వాళ్ల మనవలూ పోయారు. 2024 నవంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాడంటే మనసు మారి కాదు, పిల్లల్ని హింసించినవాడి విషయంలో చెయ్యాల్సింది చెయ్యలేదని విచారణ నివేదిక బయటికొచ్చి.

మావయ్య: నివేదిక రాయించిందెవరు? సంఘమే. పెద్ద కుర్చీలో ఉన్నాయన దిగాడా లేదా? మన సంఘాల్లో ఆస్తుల మీద, ఎన్నికల మీద ఎన్ని కోర్టు కేసులున్నాయో నీకూ తెలుసు. నివేదిక చదివి దిగిపోయిన పెద్దమనిషి పేరు ఒక్కటి చెప్పు, నేను ఈ తగువు వదిలేస్తాను.

అల్లుడు: ...అది వేరే సంగతి.

మావయ్య: అదే అసలు సంగతి.

అల్లుడు: సరే, ఇప్పుడు నా వంతు. దేవదాసు అయ్యగారు. జేగురుపాడు మనిషి. మీ లూథర్‌గిరి సెమినరీలో పాఠం చెప్పినవాడు. 1938లో ఈ రాజమండ్రిలోనే బైబిలు మిషను పెట్టాడు. అమెరికా బోర్డు లేదు, డాలరు లేదు. ఇవాళ ప్రతి జనవరిలో గుంటూరు మహాసభలకి వచ్చే జనాన్ని చూడండి, మా వీధి చివర రాతిగుడిని చూడండి. పడమటి సంఘం చేయి వదిలించుకున్న చోటే మన సంఘం పెరిగింది.

మావయ్య: అయ్యగారంటే నాకూ గౌరవమే. కానీ ఉన్న సంఘం చాలదని నిలబడి బయటికి నడవడం ఎవరు నేర్పారు? 1517లో లూథర్ మొదలెట్టిన పనే అది. నీ బౌడెనూ బీరూ చేసిందీ అదే. బయటికి నడిచినప్పుడు కూడా వాళ్ల బడిలో నేర్చుకున్నదే చేశాం.

అల్లుడు: ఇదెక్కడి న్యాయం మావయ్యా? వాళ్లతో ఉంటే వాళ్ల గొప్ప, వాళ్లని వదిలేస్తే కూడా వాళ్ల గొప్పేనా?

(దీనికి మేష్టారి దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. దేవదాసు అయ్యగారు లూథర్ని చదివినవాడే, కాదనలేం. అంతమాత్రాన ఆయన తపస్సు జర్మనీ నుంచి దిగుమతి అయిందనడం మేష్టారి అభిమానం, చరిత్ర కాదు.)

మావయ్య: సరే, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇంకోవైపు నుంచి చూద్దాం. 1910లో ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ. సుమారు పన్నెండు వందలమంది ప్రతినిధులు, దాదాపు అందరూ తెల్లవాళ్లు. అజరయ్యగారు లేచారు. ఊరు తిరునెల్వేలి వైపే గానీ పని చేసింది మన తెలుగువాళ్ల మధ్య, దోర్నకల్లులో. 1912లో ఆంగ్లికన్లకి మొదటి భారతీయ బిషప్పు అయింది ఆయనే. ఆ సభలో మొహమాటం లేకుండా అడిగారు. మీరు త్యాగాలు చేశారు, ధనం ఇచ్చారు, పక్కన కూర్చోబెట్టుకునే స్నేహం మాత్రం ఇవ్వలేదన్నది ఆయన మాటల సారం. చాలామందికి మింగుడుపడలేదు. కానీ ఆ మాట ఇవాళ్టికీ వాళ్ల చరిత్ర పుస్తకాల్లోనే ఉంది, చెరిపెయ్యలేదు.

అల్లుడు: పుస్తకంలో ఉంచారు సరే, ఆచరణలో?

మావయ్య: ఆచరణలో మనమే ముందు. నంద్యాల డయాసిస్‌కి పుష్పలలితగారు బిషప్పు అయింది 2013లో. ఇంగ్లండు సంఘం ఆడమనిషిని బిషప్పు చేసింది 2015లో. నీ రాతిగుడివాళ్లు మన నంద్యాల వెనకాల నడిచారు.

అల్లుడు: ఈ ముక్క అక్కడ చెప్తే నమ్మరు!

మావయ్య: చెప్పు. అద్దె కట్టేటప్పుడు రసీదుతో పాటు ఇదీ ఇవ్వు.

అల్లుడు: అయితే మీరూ నా వైపే వచ్చారు. గోడలు వాళ్లు కట్టారు, మనం దాటాం.

మావయ్య: దాటామా? 1947 సెప్టెంబరు 27న, స్వాతంత్ర్యం వచ్చి ఆరు వారాలకి, మద్రాసు సెయింట్ జార్జి కెథెడ్రల్లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి దక్షిణ ఇండియా సంఘం అయ్యారు. బిషప్పులున్నవాళ్లూ లేనివాళ్లూ అలా ఒకటవడం ప్రపంచంలో అంతకుముందు జరగలేదు. మన డెల్టాలో ఎవరు చేరారు? ఏలూరు ఆంగ్లికన్లు చేరారు. లూథరన్లు చేరలేదు. బాప్టిస్టులు చేరలేదు. బ్రదరెన్ చేరలేదు.

అల్లుడు: బోర్డులు వద్దని ఉంటాయి.

మావయ్య: ఆ రోజుల్లో బోర్డుల మాట ఉండేది, ఒప్పుకుంటాను. ఇప్పుడు వద్దనే బోర్డు ఏది? హేయర్‌ని పంపినవాళ్ల వారసులూ, అమెరికాలోని ఆంగ్లికన్లూ 2001 జనవరి 1 నుంచి పూర్తి సహవాసంలో ఉన్నారు. వీళ్ల పాస్టరు వాళ్ల గుడిలో ప్రభువు బల్ల ఇవ్వొచ్చు, వాళ్ల పాస్టరు వీళ్ల గుడిలో. ఏ తేడా కోసం 1869లో ఆ ముసలాయన సముద్రం దాటొచ్చాడో, ఆ తేడాని అక్కడివాళ్లు సర్దుకున్నారు. వాళ్ల స్వభావంలో ఏలే గుణం ఉందన్నావు, ఉంది. చీలే గుణం ఉంది, అదీ నిజమే. ఆలస్యంగానైనా కూర్చుని సర్దుకునే గుణం కూడా ఉంది. మనం మొదటి రెండూ భద్రంగా పెట్టుకుని మూడోది వదిలేశాం.

అల్లుడు: ఎందుకంటారు?

మావయ్య: కలిస్తే ఇద్దరు బిషప్పుల్లో ఒకరు దిగాలి. రెండు కమిటీల్లో ఒకటి పోవాలి. రెండు ఆస్తుల లెక్కలు ఒక బల్ల మీద పెట్టాలి. ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు పేరు చెప్పి ఓటేసేవాడు రాజమండ్రిలో ఇవాళ ఒక్కడూ లేడు. రాజమండ్రి నుంచి ఏలూరుకి రైల్లో రెండు గంటలు చాలదూ? రెండూళ్ల సంఘాలూ ఈ క్రిస్మసుకి కూడా వేర్వేరు సంఘాలే.